వ్యాన్ క్యాంపింగ్‌కు పవర్ స్టేషన్ ఎంచుకోవడం: రోజువారీ లెక్క నుంచి బిగింపు దాకా

పవర్ స్టేషన్లంటే బ్యాటరీ, ప్లగ్ సాకెట్లు ఒకే పెట్టెలో ఉండి, మోసుకెళ్లగలిగేవి. వాటి ప్రకటనల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది వాట్ల సంఖ్య. కానీ వ్యాన్‌లో మూడో రోజు పొద్దుటికల్లా ఫ్రిజ్ ఆగిపోయిందంటే, లోపం సాధారణంగా ఆ సంఖ్యలో ఉండదు. రోజుకు వాడేదానికీ, రోజుకు తిరిగి నింపేదానికీ పొంతన కుదరక అలా జరుగుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పెట్టె ఎంత పెద్దదుండాలన్న ప్రశ్న మూడో అడుగుకు గానీ రాదు. ముందు ఖర్చు లెక్క, తర్వాత నింపుకునే దారి. ఆ రెంటి మధ్య వచ్చే లోటును మోయడానికే బ్యాటరీ. ఈ వరుస తప్పితే రెట్టింపు బరువు మోసి, రెట్టింపు డబ్బు పెట్టి కూడా చీకట్లో కూర్చోవాల్సి రావచ్చు.

లెక్కలోకి దిగేముందు రెండు కొలతలు వేరుగా పట్టుకోండి. పరికరం ఆ క్షణాన ఎంత లాగుతోందో చెప్పేది వాట్. అలా కొంతసేపు లాగితే మొత్తం ఎంతైందో చెప్పేది వాట్-అవర్. 50 వాట్ల పరికరం 10 గంటలు నడిస్తే 500 వాట్-అవర్లు ఖర్చు. కొన్ని పెట్టెల మీద కెపాసిటీని మిల్లీఆంప్-అవర్లలో వేసి పెద్దదిగా చూపిస్తారు. దాన్ని సెల్ వోల్టేజ్‌తో గుణిస్తే గానీ అసలు సంగతి తెలియదు. 1,00,000 మిల్లీఆంప్-అవర్లంటే 100 ఆంప్-అవర్లు, 3.7 వోల్టులతో గుణిస్తే 370 వాట్-అవర్లే. అదే 100 ఆంప్-అవర్లు 12.8 వోల్టుల బ్యాటరీలో ఉంటే 1,280 వాట్-అవర్లు. వాట్-అవర్ల సంఖ్య ఎక్కడా రాయని పెట్టెను పక్కన పెట్టేయడమే మంచిది.

మొదటి అడుగు: ఒక రోజు ఖర్చు

పరికరం వెనక అంటించిన లేబుల్ మీద ఉండేది గరిష్ఠ వాట్లు, సగటు కాదు. ఇంట్లో ప్లగ్‌కు పెట్టే చిన్న వాట్ మీటర్ ఒకటి తెచ్చి, ప్రతి పరికరాన్నీ మీరు వాడే తీరులోనే నడిపి కొలవండి. ఫ్రిజ్‌నైతే ఒక పూర్తి రోజు, 24 గంటలు, లోపల సామాను పెట్టి కొలవాలి. మీటర్ దొరికేలోగా అంచనాకు ఈ అంకెలు పనికొస్తాయి.

- 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్: నడిచేటప్పుడు 45 నుంచి 60 వాట్లు. ఓ మాదిరి వాతావరణంలో రోజులో మూడో వంతు సేపు నడుస్తుంది, అంటే దాదాపు 420 వాట్-అవర్లు. మండే ఎండలో 600 దాటుతుంది.
- పైకప్పు ఫ్యాన్, 20 వాట్లు, 8 గంటలు: 160.
- ఎల్ఈడీ దీపాలు, 10 వాట్లు, 4 గంటలు: 40.
- రెండు ఫోన్లు: 40. ఒక ల్యాప్‌టాప్ ఒకసారి నిండడానికి: 70.
- లీటరు నీళ్లు కెటిల్‌లో రెండుసార్లు మరిగిస్తే: 210.

కెటిల్ అంకె ఊహ కాదు. లీటరు నీటిని 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 93 వాట్-అవర్లు కావాలి. కెటిల్ గోడల్లోంచి పోయే వేడి కలిపితే 105 అవుతుంది. ఆ 93 కన్నా తక్కువలో లీటరు నీటిని అంత వేడికి తెచ్చే విద్యుత్ కెటిల్ ఎక్కడా లేదు. "తక్కువ వాట్ల ట్రావెల్ కెటిల్" అదే శక్తిని ఎక్కువసేపు తీసుకుంటుంది, అంతే.

వేడి చేసే పరికరాలన్నీ ఈ కోవలోవే. 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి పూర్తి మంట మీద 20 నిమిషాలు నడిస్తే 500 వాట్-అవర్లు అయిపోతాయి. అది ఫ్రిజ్ ఒక రోజంతా తినేదానికన్నా ఎక్కువ. వంటను గ్యాస్ మీదికి మార్చగలిగితే పవర్ స్టేషన్ సైజు ఒక తరగతి కిందికి దిగుతుంది. ఖర్చు తగ్గించే మార్గాల్లో దీనంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. వ్యాన్‌లో గ్యాస్ వాడితే గాలి వచ్చిపోయే దారి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

ఇప్పుడు నష్టాలు కలపాలి. 12 వోల్టుల సాకెట్, యూఎస్‌బీ దారిలో వెళ్లేదానికి బ్యాటరీ నుంచి 7 శాతం వరకు, ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీ కరెంటును ఇంటి ప్లగ్‌లలో వచ్చే ఏసీ కరెంటుగా మార్చేది) దారిలో వెళ్లేదానికి 10 నుంచి 15 శాతం అదనంగా పోతుందనుకోండి. పై పట్టికలో డీసీ మీద నడిచేవి 730, 0.93తో భాగిస్తే 785. కెటిల్ 210, 0.88తో భాగిస్తే దాదాపు 240. మొత్తం రోజుకు సుమారు 1,025 వాట్-అవర్లు. ఇద్దరు మనుషులకు ఇది వాస్తవానికి దగ్గరగా ఉండే అంకె. ఇకపై లెక్కలన్నీ దీని మీదే వేద్దాం.

నిద్రలో శ్వాస ఆగకుండా గాలి అందించే సీపాప్ యంత్రం వాడేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. గాలిని తేమ చేసే హ్యుమిడిఫయర్, వేడి గొట్టం ఆపేస్తే ఖర్చు సగానికి పైగా పడిపోతుంది. తయారీదారు ఇచ్చే 12 లేదా 24 వోల్టుల డీసీ అడాప్టర్ కొంటే ఇన్వర్టర్ నష్టం కూడా తప్పుతుంది.

రెండో అడుగు: ఏ దారిలో నింపుతారు

సోలార్. 200 వాట్ల ప్యానెల్ అంటే ప్రయోగశాలలో, 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర, నిటారు ఎండలో వచ్చే అంకె. వ్యాన్ పైకప్పు మీద బల్లపరుపుగా బిగిస్తే, వేడి, దుమ్ము, కోణం, ఛార్జింగ్ నష్టం అన్నీ పోగా 70 శాతం చేతికొస్తే మంచిదే. నాలుగున్నర గంటల పూర్తి ఎండకు సమానమైన రోజులో 200 × 4.5 × 0.7, అంటే 630 వాట్-అవర్లు. ముసురు రోజున దీనిలో ఐదో వంతు వస్తే గొప్ప: 125. చెట్టు నీడన ఆపితే అదీ రాదు. వ్యాన్ చల్లగా ఉండాలంటే నీడ కావాలి, ప్యానెల్ పనిచేయాలంటే ఎండ కావాలి. అందుకే వేడి ప్రాంతాల్లో తిరిగేవారికి ఎండలోకి లాగి పెట్టుకునే మడత ప్యానెల్, 5 మీటర్ల పొడిగింపు కేబుల్ పైకప్పు ప్యానెల్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

బండి నడుస్తుండగా. పెట్టెతోపాటు వచ్చే కార్ ఛార్జింగ్ కేబుల్ సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించేది. అది గంటకు 100 వాట్-అవర్లకు మించి ఇవ్వదు, ఎందుకంటే ఆ సాకెట్ వైరింగు, ఫ్యూజు 10 నుంచి 15 ఆంప్స్‌కే సరిపోయేలా వేసి ఉంటాయి. 1,000 వాట్-అవర్ల పెట్టె నిండాలంటే పది గంటలకు పైగా బండి నడపాలి. దీన్ని నమ్ముకునే చాలామంది ప్రయాణాలు దెబ్బతింటాయి. దానికి బదులు, ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను వాడుకునే ఆల్టర్నేటర్ ఛార్జర్ బిగిస్తే కథే మారిపోతుంది. నేరుగా బండి బ్యాటరీ నుంచి లావు కేబుల్‌తో తీసుకుని 500 నుంచి 800 వాట్ల దాకా ఇస్తుంది. గంట ప్రయాణంలో 500 వాట్-అవర్లంటే ఒక ఎండ రోజు సోలార్‌కు దగ్గర దగ్గర.

క్యాంప్ సైట్ కరెంటు. పెట్టెలు 1,000 నుంచి 1,800 వాట్ల వేగంతో గంటా గంటన్నరలో నిండుతాయని చెప్పుకుంటాయి. కానీ 230 వోల్టుల సైట్‌లో 6 ఆంప్స్ మాత్రమే ఇచ్చే పోస్టు ఉంటే మొత్తం 1,380 వాట్లే దొరుకుతాయి. అంతకన్నా ఎక్కువ లాగుతూ, వేగం తగ్గించే బటన్ గానీ, యాప్‌లో వాట్ల స్లైడర్ గానీ లేని పెట్టె అక్కడ బ్రేకర్‌ను పడగొడుతూనే ఉంటుంది. 300 లేదా 400 వాట్లకు దించుకోగలిగితే ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది, సెల్స్ మీద ఒత్తిడీ తగ్గుతుంది. రాత్రంతా సమయం ఉన్నప్పుడు తొందరెందుకు?

మూడో అడుగు: బ్యాటరీ సైజు

ఇప్పుడు లోటు లెక్క తేలికవుతుంది. రెండు రోజులు ముసురు పట్టినా ఫ్రిజ్ ఆగకూడదని పెట్టుకుందాం.

బండి కదలకుండా ఒకేచోట ఉంటే: రోజు ఖర్చు 1,025, రాబడి 125, లోటు 900. రెండు రోజులకు 1,800. చివరి 15 శాతం ముట్టకూడదనుకుంటే 0.85తో భాగించాలి: 2,100కు పైన. అంటే 2 కిలోవాట్-అవర్ల తరగతి, దాదాపు 20 కిలోలు, కొన్ని మోడళ్లలో అంతకన్నా ఎక్కువ.

అదే మనుషులు రోజుకు గంట బండి నడిపి, 500 వాట్ల ఆల్టర్నేటర్ ఛార్జర్ వాడితే: లోటు రోజుకు 400, రెండు రోజులకు 800, భాగిస్తే 940. కిలోవాట్-అవర్ తరగతి చాలు. బరువు 10 నుంచి 14 కిలోలు. కెటిల్ కూడా మానేస్తే లోటు రోజుకు 160కి పడిపోతుంది, అప్పుడు నాలుగైదు రోజుల ముసురునైనా అదే పెట్టె మోస్తుంది.

అవసరం ఒకటే, పెట్టె సైజు సగానికి సగం తేడా. అందుకే మా సలహా ఒక్కటే: కిలోవాట్-అవర్ నుంచి రెండు కిలోవాట్-అవర్లకు ఎగబాకడానికి పెట్టే డబ్బును ముందు ఛార్జింగ్ దారి మీద పెట్టండి. ఒక్కచోటే వారం రోజులు ఉండేవారికి, లేదా శీతాకాలంలో ఎండ అసలు రాని చోట్లకు వెళ్లేవారికి మాత్రమే పెద్ద బ్యాటరీ మొదటి ఎంపిక కావాలి. తేల్చుకోలేకపోతే అదనపు బ్యాటరీ తగిలించుకునే వీలున్న కిలోవాట్-అవర్ మోడల్ తీసుకోండి. ఎకోఫ్లో డెల్టా 2 లాంటివి 1,024 వాట్-అవర్లతో మొదలై అలా పెరుగుతాయి.

నాలుగో అడుగు: ఇన్వర్టర్, దాని తిండి

ఒకేసారి నడిచే ఏసీ పరికరాల్లో పెద్దది ఏదో చూసి, దానికి మిగతావి కలిపి, 20 శాతం పైన ఉండేలా ఇన్వర్టర్ ఎంచుకోండి. ఇక్కడ మైక్రోవేవ్ చాలామందిని మోసం చేస్తుంది. "800 వాట్ల" మైక్రోవేవ్ అంటే ఆహారంలోకి వెళ్లే శక్తి 800. ప్లగ్ దగ్గర లాగేది 1,200 నుంచి 1,300. మోటార్లు, కంప్రెసర్లు మొదలయ్యే క్షణంలో మామూలుకన్నా మూడు నుంచి ఆరు రెట్లు లాగుతాయి. స్పెసిఫికేషన్‌లో సర్జ్ అని రాసేది ఆ క్షణానికే. రోజూ ఆధారపడాల్సింది నిరంతరంగా ఇవ్వగల వాట్ల మీద.

కొన్ని పెట్టెల్లో 1,800 వాట్ల ఇన్వర్టరే 2,200 వాట్ల పరికరాన్ని నడుపుతుందంటూ ఒక బూస్ట్ మోడ్ ఉంటుంది. అక్కడ జరిగేది వోల్టేజ్ తగ్గించడం. కెటిల్, హీటర్ లాంటి వేడి తీగల పరికరాలు తక్కువ వోల్టేజ్‌లో నెమ్మదిగా పనిచేస్తాయి, ఫరవాలేదు. మోటార్లకు, మైక్రోవేవ్‌కు, ఎలక్ట్రానిక్స్‌కు అది సరిపడదు. కొనేటప్పుడు ఆ మోడ్ లేదనుకునే లెక్క వేయండి. ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులా నునుపైన అల) కాని ఇన్వర్టర్ల జోలికి వెళ్లవద్దు. మీ పరికరాలు 230 వోల్టులవా, 120 వోల్టులవా చూసుకోండి. ఒక దేశపు మోడల్ సాధారణంగా ఇంకో వోల్టేజ్ ఇవ్వదు.

ప్రకటనల్లో కనబడని ఖర్చు ఇంకోటి ఉంది. ఏసీ బటన్ నొక్కి ఉంచితే, ఏమీ తగిలించకపోయినా ఇన్వర్టర్ తానే తింటుంది. పెద్ద మోడళ్లలో 15 నుంచి 30 వాట్లు. 24 గంటలు వదిలేస్తే 360 నుంచి 720 వాట్-అవర్లు, అంటే ఇంకో ఫ్రిజ్‌ను పెంచి పోషించినట్టే. ఇన్వర్టర్ ఎంత పెద్దదైతే ఈ తిండి అంత ఎక్కువగా ఉంటుంది కనుక, "పెద్దది తీసుకుంటే పోలా" అనే ఆలోచన ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఫ్రిజ్, ఫ్యాన్, దీపాలు, ఫోన్లు అన్నీ డీసీ మీదే ఉండాలి. కెటిల్ మరిగేంతసేపే ఏసీ ఆన్ కావాలి.

ఐదో అడుగు: 12 వోల్టుల వైపు గట్టిగా పరీక్షించండి

ఫ్రిజ్ రాత్రంతా నడిచేది ఈ సాకెట్ మీదే కాబట్టి ఎంపికలో దీనికి ఇవ్వాల్సినంత శ్రద్ధ ఇన్వర్టర్‌కు కూడా అక్కర్లేదు. చూడాల్సినవి మూడు.

మొదటిది, వోల్టేజ్ నిలకడగా ఉంటుందా. మంచి పెట్టెల్లో 12 వోల్టుల సాకెట్ రెగ్యులేటెడ్; బ్యాటరీ 100 శాతం ఉన్నా 10 శాతం ఉన్నా 12.6 లేదా 13.6 వోల్టులే వస్తుంది. చవక పెట్టెల్లో బ్యాటరీ తగ్గేకొద్దీ ఇదీ జారి 11 వోల్టుల కిందికి వస్తుంది. ఫ్రిజ్‌లో బండి బ్యాటరీని కాపాడే కటాఫ్ ఒకటి ఉంటుంది. అది ఈ తగ్గుదల చూసి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. పెట్టెలో 40 శాతం మిగిలి ఉండగానే ఫ్రిజ్‌పై ఎర్రర్ వెలిగితే కారణం చాలాసార్లు ఇదే. ఫ్రిజ్ కటాఫ్‌ను కనిష్ఠానికి దించడం మొదటి మందు. కేబుల్ కూడా చూడాలి: 3 మీటర్ల దూరానికి, రానూపోనూ 6 మీటర్ల 1 చదరపు మిల్లీమీటర్ తీగలో 5 ఆంప్స్‌కు అర వోల్టు పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 0.2 వోల్టులే.

రెండోది, ఎన్ని ఆంప్స్. సిగరెట్ లైటర్ సాకెట్, పక్కన ఉండే చిన్న గుండ్రటి డీసీ రంధ్రాలు కలిపి 10 ఆంప్స్, అంటే 120 వాట్ల చిల్లర పరిమితి చాలా మోడళ్లలో ఉంటుంది. ఫ్రిజ్, ఫ్యాన్ దీనిలో ఇమిడిపోతాయి. డీజిల్ హీటర్ ఇమడదు. వెలిగేటప్పుడు దాని గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే వేడి ముక్క) కొన్ని నిమిషాలపాటు 8 నుంచి 10 ఆంప్స్ లాగుతుంది. అప్పుడే ఫ్రిజ్ కూడా మొదలైతే సాకెట్ కట్ అవుతుంది. హీటర్ మండుతుండగా కరెంటు పోవడం ప్రమాదం: లోపలి వేడిని బయటికి తోసే ఫ్యాన్ ఆగిపోయి, హీటర్ పాడవుతుంది. హీటర్ ఉన్నవారు 25 లేదా 30 ఆంప్స్ ఇచ్చే ప్రత్యేక డీసీ పోర్టు ఉన్న మోడల్ మాత్రమే చూడాలి.

మూడోది, దానంతటదే ఆగే టైమర్. కొంతసేపు తక్కువ లోడ్ ఉంటే పెట్టె తనంతట తానే ఆ పోర్టును ఆపేస్తుంది. ఫ్రిజ్ చల్లబడి కంప్రెసర్ విశ్రాంతి తీసుకునేటప్పుడు లోడ్ ఒకటి రెండు వాట్లే. పెట్టె దాన్ని "ఏమీ లేదు" అని లెక్కేసుకుని అర్ధరాత్రి ఆపేస్తుంది. ఈ టైమర్‌ను "ఎప్పటికీ ఆపవద్దు" అని మార్చగలమా, మార్చాక పెట్టె ఆఫ్ చేసి ఆన్ చేసినా ఆ సెట్టింగ్ నిలుస్తుందా, ఇంటర్నెట్ లేని చోట యాప్ బ్లూటూత్‌తో పనిచేస్తుందా అన్న మూడు ప్రశ్నలకు మాన్యువల్‌లో జవాబు వెతకండి. కొనకముందే మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చదవడానికి ఇదొక్కటి చాలు కారణం.

ల్యాప్‌టాప్‌ను యూఎస్‌బీ-సీ తోనే నింపండి, 100 వాట్ల పోర్టు ఒకటైనా ఉండాలి.

ఆరో అడుగు: సెల్స్ రకం

వ్యాన్‌కు లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ. ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్‌లతో చేసే ఎన్ఎంసీ సెల్స్ 500 నుంచి 1,000 సైకిళ్లకు (ఒకసారి నిండి ఖాళీ అయితే ఒక సైకిల్) 80 శాతం కెపాసిటీకి పడిపోతే, ఎల్ఎఫ్‌పీ పెట్టెలకు తయారీదారులే 3,000, 4,000 సైకిళ్లు చెబుతున్నారు. అదుపు తప్పి మండిపోయే వేడి స్థాయి కూడా ఎల్ఎఫ్‌పీలో ఎక్కువ. మనం నిద్రపోయే గదిలోనే బ్యాటరీ ఉంటుంది కనుక ఇది చిన్న విషయం కాదు. బరువు కాస్త ఎక్కువ, భరించాలి. పాత స్టాకు తక్కువ ధరకు వస్తోందంటే అది ఎన్ఎంసీ కాదు కదా అని చూడండి. భద్రతా ముద్రల్లో పోర్టబుల్ పవర్ ప్యాక్‌లకు ఉన్న యూఎల్ 2743, రవాణాకు యూఎన్ 38.3 ఉన్నాయా అడగండి.

ఎల్ఎఫ్‌పీకి ఒక బలహీనత ఉంది: సెల్ వేడి 0 డిగ్రీల కింద ఉండగా ఛార్జ్ చేయకూడదు. చేస్తే లోహ లిథియం పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. పెట్టెలోని రక్షణ వ్యవస్థ ఛార్జింగ్‌ను అడ్డుకుంటుంది గానీ, అప్పుడు ఎంత ఎండ కాస్తున్నా సోలార్ రాబడి సున్నా. మంచు ప్రాంతాలకు వెళ్లేవారు సెల్ హీటర్ ఉన్న మోడల్ చూడాలి, లేదా పెట్టెను వ్యాన్‌లో వెచ్చగా ఉండే భాగంలో పెట్టాలి.

ఏడో అడుగు: ప్యానెల్‌ను, ఆల్టర్నేటర్‌ను సరిగ్గా కలపడం

సోలార్ ఇన్‌పుట్ దగ్గర మూడు అంకెలుంటాయి: వోల్టుల పరిధి, ఆంప్స్, వాట్లు. డెల్టా 2కి 11 నుంచి 60 వోల్టులు, 15 ఆంప్స్, 500 వాట్లు. వీటిలో ప్రాణం తీసేది వోల్టేజ్ ఒక్కటే. ఆంప్స్ ఎక్కువ ఇవ్వగల ప్యానెల్ పెడితే పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు దాటితే ఇన్‌పుట్ సర్క్యూట్ కాలిపోతుంది, వారంటీ కూడా పోతుంది.

ప్యానెల్ వెనక ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ తగిలించనప్పుడు వచ్చే వోల్టేజ్) అని ఒక అంకె ఉంటుంది. అది 25 డిగ్రీల దగ్గర కొలిచినది. చలి పెరిగితే డిగ్రీకి 0.3 శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను ఇంకోదాని మైనస్‌కు) కలిపిన ప్యానెళ్ల వోల్టేజ్ మొత్తాన్ని 1.15తో గుణించి చూడాలి. ఈ ఓపెన్ సర్క్యూట్ అంకె 24 వోల్టులున్న ప్యానెళ్లు రెండు: 48, గుణిస్తే 55. 60 వోల్టుల ఇన్‌పుట్‌కు సరిపోతుంది. మూడు కలిపితే 72, అక్కడితో ఆగిపోండి. దీనికి తిరగేసిన ఇబ్బంది పెద్ద పెట్టెల్లో వస్తుంది. కొన్నిటిలో సోలార్ ఇన్‌పుట్ 30 వోల్టుల పైనగానీ మేలుకోదు, ఒక్క 100 వాట్ల ప్యానెల్ పెడితే తెర మీద సున్నా చూపిస్తుంది. ప్యానెల్ బాగానే ఉంటుంది, రెండు సిరీస్‌లో కలపాలంతే.

చిన్న పెట్టెల్లో వోల్టేజ్ పరిమితి 28 లేదా 30 దగ్గరే ఉంటుంది, 10 ఆంప్స్. అప్పుడు ప్యానెళ్లను ప్యారలల్‌లో (ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట) కలపాలి. ఎన్ని కలిపినా 200 వాట్లు దాటవు. పైకప్పు మీద ఫ్యాన్ మూత నీడ ఒక ప్యానెల్ మీద పడే అవకాశం ఉంటే కూడా ప్యారలల్ మేలు, ఎందుకంటే సిరీస్‌లో ఒక ప్యానెల్ నీడ మొత్తం వరసను కిందికి లాగుతుంది.

ప్యానెల్ తీగల చివరుండే ఎంసీ4 కనెక్టర్ నుంచి పెట్టె ప్లగ్‌కు మార్చే అడాప్టర్లు వేరే చోట కొంటే మొదటిసారి తగిలించే ముందు మల్టీమీటర్‌తో ప్లస్, మైనస్ చూసుకోండి. తిరగబడిన అడాప్టర్లు మార్కెట్లో ఉన్నాయి.

ఆల్టర్నేటర్ ఛార్జర్‌కు కేబుల్ మందమే ప్రాణం. 500 వాట్లంటే 40 ఆంప్స్. బండి బ్యాటరీ నుంచి వెనక దాకా 5 మీటర్లు, రానూపోనూ 10 మీటర్లు ఉంటే 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 0.7 వోల్టు పోతుంది. 16 వేస్తే 0.43. 16 వేయండి. 800 వాట్ల ఛార్జర్‌కైతే 25. మాన్యువల్ చెప్పిన సైజు ఫ్యూజ్‌ను బండి బ్యాటరీ ప్లస్ నుంచి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఫ్యూజ్ కాపాడేది కేబుల్‌ను కనుక, అది వెనక ఛార్జర్ దగ్గరుంటే ముందున్న 5 మీటర్ల తీగకు కాపలా ఉండదు. కొత్త బళ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ అవసరాన్ని బట్టి వోల్టేజ్ తగ్గిస్తుంది. వోల్టేజ్ చూసి ఆన్ అయ్యే ఛార్జర్ ఇంజిన్ ఆగిందనుకుని మధ్యమధ్యలో పడిపోతుంది. అలాంటి బండిలో ఇగ్నిషన్ సిగ్నల్ తీగ కలిపే వీలున్న ఛార్జర్ కావాలి. బండి ఆపి ఇంజిన్‌ను ఊరకే తిప్పుతూ నింపే అలవాటు వద్దు. ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది, పొగ వ్యాన్‌లోకి చేరుతుంది.

ఎనిమిదో అడుగు: వ్యాన్‌లో పెట్టే చోటు

15 కిలోల పెట్టె హఠాత్తుగా బ్రేకు వేస్తే ముందు సీటు మీదికి దూకుతుంది. నేలకు బోల్టు చేసిన డీ రింగులు నాలుగు, మెలిక బిగింపు పట్టీలు రెండు, అడుగున రబ్బరు చాప. పట్టీని హ్యాండిల్‌కు కట్టవద్దు. అవి మోయడానికి చేసినవే గాని గుద్దుడును ఆపడానికి కాదు. పట్టీ పెట్టె పైనుంచి అడ్డంగా రావాలి.

ఫ్యాన్ గాలి లోపలికి లాగే వైపు, బయటికి వదిలే వైపు 10 నుంచి 15 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మంచం కింద మూసిన అరలో పెడితే అర వేడెక్కి, 40, 45 డిగ్రీల దగ్గర పెట్టె ఛార్జింగ్ ఆపేస్తుంది. ఎండలో మూసి ఉన్న వ్యాన్ లోపల 60 డిగ్రీలు కావడం అరుదు కాదు. అలాంటి మధ్యాహ్నం, సోలార్ బాగా వచ్చే గంటల్లోనే ఛార్జింగ్ ఆగిపోతుంది. అరకు పైనా కిందా రంధ్రాలు వేసి, నేలకు దగ్గరగా, కిటికీ ఎండ పడని చోట పెట్టండి. తల పెట్టుకునే వైపు మాత్రం వద్దు; ఇన్వర్టర్ ఫ్యాన్ రాత్రి లేపుతుంది.

పవర్ స్టేషన్ ఏసీని వ్యాన్ బయటి కరెంటు సాకెట్‌కు అడాప్టర్‌తో కలిపి, వ్యాన్ ప్లగ్‌లన్నిటినీ నడుపుదామని చాలామంది చూస్తారు. రెండు చిక్కులున్నాయి. వ్యాన్‌లో ఉన్న బ్యాటరీ ఛార్జర్ కూడా ఆన్ అయి, ఒక బ్యాటరీ నుంచి ఇంకో బ్యాటరీకి నష్టంతో కరెంటు తిరుగుతూ ఉంటుంది. దాని బ్రేకర్ ఆపాలి. రెండోది ప్రాణానికి సంబంధించినది: ఈ పెట్టెల్లో చాలావాటి న్యూట్రల్ భూమికి కలిసి ఉండదు, అందుకని వ్యాన్‌లోని ఆర్‌సీడీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఇంట్లోలాగా లీకేజీని పట్టుకుని కట్ చేస్తుందన్న భరోసా లేదు. ఈ కలయికను అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. లేదంటే పరికరాలను నేరుగా పెట్టె ప్లగ్‌లకే తగిలించండి.

తొమ్మిదో అడుగు: వాపసు గడువులోపే పరీక్ష

పెట్టె రాగానే 100 శాతం నింపి, ఒక గంట ఆపి, వాట్ మీటర్ మధ్యలో పెట్టి దాదాపు 200 వాట్లు లాగే నిలకడ లోడ్ ఏదైనా తగిలించి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపండి. 1,024 వాట్-అవర్ల పెట్టె ఏసీ దారిలో 850 నుంచి 900 ఇస్తే సరైనదే. 800 దాటకపోతే ఒకసారి మళ్లీ నింపి చూసి, అదే వస్తే వాపసు చేయండి. 50 వాట్ల చిన్న లోడ్‌తో ఈ పరీక్ష చేయవద్దు. ఇన్వర్టర్ సొంత తిండి ఎక్కువసేపు నడిచి, అంకె తక్కువగా వస్తుంది.

తర్వాత ఫ్రిజ్‌ను ఒక రాత్రి డీసీ మీద ఇంట్లోనే నడిపి పొద్దున్నే చూడండి: టైమర్ ఆపిందా, ఎంత శాతం తగ్గింది? ఆ శాతాన్ని మొదటి అడుగులో రాసుకున్న అంకెతో పోల్చండి. చివరిగా కెటిల్, ఫ్రిజ్, ఫ్యాన్ మూడూ ఒకేసారి పెట్టి, తెర మీద హెచ్చరిక రాకుండా పది నిమిషాలు నిలుస్తుందేమో చూడండి. సోలార్ ప్యానెల్‌ను కూడా ఎండలో కలిపి వాట్లు వస్తున్నాయని నిర్ధారించుకోండి.

వాడకంలో

ఎల్ఎఫ్‌పీ వోల్టేజ్ 90 శాతం దగ్గరా, 30 శాతం దగ్గరా దాదాపు ఒకటే కాబట్టి తెర మీది శాతం నెమ్మదిగా తప్పుతుంది. నెలకోసారి పూర్తిగా 100 దాకా నింపితే లెక్క సరిపడుతుంది. 25 శాతం చూపిస్తూ హఠాత్తుగా ఆగిపోయే పెట్టెలు చాలావరకు పాడైనవి కావు, నెలలుగా నిండనివి.

వాడని నెలల్లో 50 శాతం దగ్గర, చల్లని పొడి చోట, అన్ని పోర్టులూ ఆపి, సోలార్ తీగ తీసేసి ఉంచండి. మూడు నెలలకోసారి చూసి, 30 కన్నా తగ్గితే నింపండి. సున్నా దగ్గర వదిలేసిన పెట్టె కొన్ని నెలలకు రక్షణ స్థాయి కన్నా కిందికి పడిపోయి, మళ్లీ ఛార్జింగే అందుకోకపోవచ్చు. సిగరెట్ లైటర్ ప్లగ్ రోడ్డు కుదుపులకు వదులై వేడెక్కుతుంది. లాంగ్ డ్రైవ్ తర్వాత చేత్తో ముట్టుకుని చూడండి, నల్లబడితే వెంటనే మార్చండి. ఇక విమానంలో తీసుకెళ్లి అక్కడ వ్యాన్ అద్దెకు తీసుకుందామనుకుంటే కుదరదు. ప్రయాణికుల సామానులో 100 వాట్-అవర్ల వరకే మామూలుగా అనుమతి, 160 దాకా విమాన సంస్థ ఒప్పుకుంటేనే. కిలోవాట్-అవర్ పెట్టె ఆ హద్దుకు ఆరు రెట్లు పైన ఉంటుంది.